కడుపులో గాలి

ఫిబ్రవరి 6, గురువారం

పెన్ను సువార్తమ్మ సిస్టర్‌ది. పుస్తకం నాదే. గుడివాడ హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు పట్టుకున్న అలవాటు, ఇంకా వదల్లేదు. కాన్పుకని సర్దుకున్న సంచిలో కూడా ఒకటి పడేసుకున్నాను. సంచిలో మిగతావేవీ నేను తియ్యలేదు, అమ్మని తియ్యనివ్వలేదు.

మంగళవారం సంగతి ఒక్కసారి రాసేసి వదిలేస్తాను. మధ్యాహ్నం నొప్పి మొదలైంది, వెంటనే రక్తం. మా ఆయన, బావ, వేటకెళ్ళి సముద్రం మీదున్నాడు. వాళ్ళ నాన్న మావయ్యే ఆటో పిలిచి బందరు ఆసుపత్రికి తెచ్చాడు. మాయ ముందే విడిపోయిందన్నారు, ఎవరి తప్పూ లేదన్నారు. కోసి తీశారు. బిడ్డ దక్కలేదు. రక్తం ఆగకపోయేసరికి గర్భసంచి కూడా తీసేశారు. నేనేమీ చూడలేదు. మత్తులో ఉన్నాను.

ఇక నుంచి గ్యాస్ గురించి మాత్రమే రాస్తాను.

పొద్దున డాక్టరమ్మ పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "పేగులింకా నిద్ర లేవలేదమ్మా" అంది. పెద్ద ఆపరేషన్ అయితే పేగులు పడుకుంటాయట. గాలి లోపలే బిగుసుకుపోతుందట. అది కింద నుంచి బయటికి పోయేదాకా నోటికి ఏమీ ఇవ్వరు, చెంచాడు నీళ్ళతో పెదాలు తడుపుతారంతే. పొట్ట రాయిలా ఉంది. పక్కకి తిరగాలంటే ముందు మోకాళ్ళు ముడవాలి, తర్వాత మంచం కమ్మీ పట్టుకోవాలి, ఆ తర్వాత ఏడవాలి.

సాయంత్రం మావయ్య వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నాంచారయ్య అంటే గిలకలదిండి హార్బర్లో అందరికీ హడల్. ఆసుపత్రిలో మాత్రం చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడతాడు.

"మీ బావకి కబురంపానమ్మా. వైర్‌లెస్‌లో చెప్పించా."

"ఏమని?"

"డెలివరీ అయింది, దుర్గ బాగుంది అని."

"ఇంకా?"

"అంతే."

నీళ్ళ మీదున్న మనిషికి మావాళ్ళు చావుకబురు చెప్పరు. మనసు చెదిరి వల దగ్గర కాలు జారితే ఎవరు పట్టుకుంటారు అంటారు. మావయ్య తల్లి పోయినప్పుడు కూడా బోటు ఒడ్డుకొచ్చాకే మావయ్యకి తెలిసిందట. అందుకని బావకి సగమే పంపారు. ఆ సగాన్ని బావ ఎలా విని ఉంటాడో నాకు తెలుసు. డెక్కు మీద అందరినీ పట్టుకుని ఊపేసి ఉంటాడు.

"అబద్ధమైతే కాదు కదమ్మా," అన్నాడు మావయ్య.

"ఒడ్డుకొచ్చాక ఎవరు చెప్తారు మావయ్యా?"

తలుపు గొళ్ళెం కేసి చూస్తూ, "రానీ, చూద్దాం" అన్నాడు.

నేను మాత్రం చెప్పను. నా వల్ల కాదు.


ఫిబ్రవరి 7, శుక్రవారం

పోలేదు.

పక్క మంచం రావమ్మగారిది. ఘంటసాలలో వరి చేలున్నాయి, నోరు కూడా ఉంది. పిత్తాశయంలో రాళ్ళకి చిన్న చిన్న బెజ్జాలు పెట్టి ఆపరేషన్ చేశారు. ఆవిడకి నొప్పి పొట్టలో కాదు, కుడి భుజంలో. "పొట్టకని తీసుకెళ్ళి నా భుజాన్నేం చేశారండీ?" అని డాక్టరమ్మతో పెద్ద తగువు. అలాంటి ఆపరేషన్‌కి పొట్టలోకి గ్యాస్ ఎక్కించి ఉబ్బిస్తారట, చివర్లో మిగిలింది పైకి తన్నితే భుజంలో నొప్పిగా తెలుస్తుందట. ఆవిడ నమ్మలేదు.

"నాకేమో ఎక్కించిన గాలి పైకి పోయింది, నీకేమో ఎక్కించకుండానే కింద ఇరుక్కుంది. మనిద్దరికీ గొట్టం కలిపితే ఒక స్టవ్వు వెలుగుతుందే అమ్మాయ్!"

నవ్వొచ్చింది. కుట్లు చీరుకుపోయినంత పనయింది. నవ్వినా దగ్గినా దిండు పొట్టకి అదుముకోవాలని సువార్తమ్మ సిస్టర్ నేర్పింది. రెండు చేతుల్తో దిండు హత్తుకుని నవ్వాను. నవ్వు అయిపోయాక కూడా దిండు కింద పెట్టబుద్ధి కాలేదు.

పొద్దుటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. డాక్టరమ్మ అడిగింది. నేల తుడిచే ఆవిడ అడిగింది. రావమ్మగారిని చూడటానికొచ్చిన వాళ్ళ మరిది, నా మొహం కూడా ఎరగని మనిషి, బత్తాయిలు పెట్టి "అమ్మాయికి గ్యాస్ పోయిందాండీ?" అని మర్యాదగా అడిగాడు. అమ్మయితే నా దుప్పటి దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంది. నేను పిత్తితే చాలని ఇంతమంది ఎదురుచూసే రోజు ఒకటి వస్తుందనుకోలేదు.

మధ్యాహ్నం కదిలింది. ఎడమ పక్కన, బొడ్డుకి కాస్త కింద. లోపలి నుంచి నెట్టి, ఆగి, మళ్ళీ నెట్టింది. బిడ్డ తన్నేది కూడా అక్కడే, అన్నం తిన్నాక సరిగ్గా అదే వేళకి. గ్యాస్ అని తెలుసు. తెలిసే చెయ్యి పెట్టాను.


ఫిబ్రవరి 8, శనివారం

పోలేదు. డాక్టరమ్మ మొహం బాగాలేదు. రేపటికి కూడా పేగులు కదలకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలంది. "నడవాలమ్మా. నడిస్తేనే దిగుతుంది. ఎందుకు నడవట్లేదు?"

కళ్ళు తిరుగుతున్నాయన్నాను. తిరగలేదు. గొట్టం అంటే భయమే, కానీ నడిస్తే అది పోతుంది. పోతే ఎడమ పక్కన ఇంకేమీ కదలదు. ఈ మాట ఎవరికి చెప్పినా నాకు పిచ్చెక్కిందనుకుంటారు.

బీపీ చూడటానికొచ్చినప్పుడు సువార్తమ్మ సిస్టర్ మెల్లగా అంది, "ఆ రోజు మీరు మెలకువగానే ఉన్నారు కదమ్మా. బిడ్డని తీసేదాకా వెన్నులో ఇచ్చిన సూదే. పూర్తి మత్తు రక్తం ఆగనప్పుడు ఇచ్చారు. నేను ఎత్తుకుని మీ పక్కనుంచే వెళ్ళాను. చూశారనుకున్నా."

"లేదండీ. చూడలేదు."

ఆవిడ బీపీ కాగితం మీద రాసుకుని వెళ్ళిపోయింది. నేను చూడలేదు.

సాయంత్రం

జాకెట్టు తడిసింది. సెలైన్ కారిందేమో అనుకున్నాను. కాదు. పాలు.

పొట్ట నొప్పికి ఒక పేరుంది. దీన్ని గ్యాస్ అనలేను. ఏడుపొచ్చింది, దిండు అదుముకుని ఏడ్చాను. ఎంత తెలివిలేని ఒళ్ళు నాది. ఎవరూ లేరని దానికి ఒక్కరూ చెప్పలేదు.

అమ్మ నన్ను చూసి బయటికెళ్ళింది. మల్లెల కాలం ఇంకా రాలేదు. కోనేరు సెంటరంతా తిరిగి ఎక్కడో రెండు మూరలు సంపాదించింది, చిన్న చిన్న మొగ్గలు. రొమ్ముల మీద మల్లెపూలు పరిచి గుడ్డతో బిగించి కడితే పాలు ఇంకిపోతాయి. అమ్మ కట్టింది. కట్టేటప్పుడు ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. వార్డంతా ఒకటే వాసన, తలుపు తీసినవాళ్ళు శోభనం గది అనుకునేలా ఉంది. రావమ్మగారు ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు.


ఫిబ్రవరి 9, ఆదివారం

పోయింది.

సువార్తమ్మ సిస్టర్ ఇవాళ నా మాట వినలేదు. చర్చికెళ్ళి నేరుగా డ్యూటీకి వచ్చినట్టుంది, తెల్లచీరలోనే నా చంక కింద చెయ్యేసి లేపేసింది. ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క అమ్మ. వరండా చివరిదాకా నడిపించి వెనక్కి తిప్పారు. రెండో తిప్పులో, మందుల కొట్టు కిటికీ ముందు, మెలిపెట్టి ప్రాణం పోయేంత నొప్పి. గోడ పట్టుకున్నాను. వరండా అంతా వినపడేట్టు పోయింది.

అమ్మ పైకి చూసి దణ్ణం పెట్టింది. పైన ఫ్యానే ఉంది. సిస్టర్ "దేవునికి స్తోత్రం" అంది. లోపల్నుంచి రావమ్మగారు "ఏమైందీ? వచ్చిందా? ఎవరైనా చెప్పండర్రా!" అని కేకలు. మందులు కొనడానికొచ్చిన మగవాళ్ళు కూడా నవ్వు మొహాలు పెట్టారు. నేనూ నవ్వాను. ఇంత సంబరం నా బిడ్డకి జరగలేదు.

మంచం మీద పడుకున్నాక పొట్ట మెత్తబడింది. నొప్పి లేదు. చెయ్యి ఎడమ పక్కన పెట్టి చాలాసేపు చూశాను. ఏమీ కదల్లేదు. కుడి పక్కన పెట్టాను. అక్కడా లేదు. నా కడుపులో నిజంగా ఇంక ఎవరూ లేరు. ఇవాళ తెలిసింది నాకు.


ఫిబ్రవరి 10, సోమవారం

జావ తాగాను. నిలిచింది. రావమ్మగారు ఇంటికెళ్ళిపోయారు. వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టారు.


ఫిబ్రవరి 11, మంగళవారం

ఇంటికొచ్చాను. గిలకలదిండి వీధిలో ఆటో దిగుతుంటే అరుగుల మీద వలలు కుట్టుకునే ఆడవాళ్ళు చేతులాపారు. పోలేరమ్మ గుడి పక్కింటావిడ గబగబా వచ్చి అడిగింది, "గ్యాసంతా పోయిందా అమ్మా?" పోయిందన్నాను. "హమ్మయ్య" అంది. అడగడానికి ఏదో ఒకటి దొరికినందుకు అందరికీ తేలిగ్గా ఉన్నట్టుంది.

రేపు మాఘ పున్నమి. ఏటా ఈపాటికి అమ్మ పాలకాయతిప్పలో వేడి వేడి చేపల వేపుడు కొట్టు పెట్టి, సముద్రస్నానాలకొచ్చిన జనంతో గొంతు పోయేదాకా అరుస్తూ ఉండాలి. ఈసారి నా మంచం కింద చాప వేసుకుంది. పథ్యం వండుతోంది, ఎక్కడెక్కడో మల్లెలు వెతికి తెచ్చి గుడ్డ మార్చి కడుతోంది. నేను ఒక మాట అడిగాను.

"చెవుల్లో దూది పెట్టవా అమ్మా? నడికట్టు కట్టవా?"

"అయ్యన్నీ బాలింతలకి. నీకు ఆసుపత్రోళ్ళు బెల్టిచ్చారుగా." మెల్లగా, "నువ్వు ఆపరేషన్ మనిషివే తల్లీ. బాలింతవి కాదు" అంది.

అమ్మ చెడ్డది కాదు. ఆ పేరుతో పిలిస్తే నేను తట్టుకోలేనని భయం. కానీ ఆ మాట కుట్ల కంటే లోపల తగిలింది.

సాయంత్రం ఫోన్ మోగింది. బావ. అమ్మ వంటింట్లోంచి నా వంక చూసింది. మావయ్య అరుగు మీద నుంచి లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. నేనే ఎత్తాను.

"దుర్గా! సిగ్నలొచ్చేసింది! లైట్‌హౌస్ కనపడతంది. రేపు పొద్దున కల్లా జెట్టీలో ఉంటాం." వెనక ఇంజన్ మోత, ఎవరో ఈల. "ఇదిగో విను, నువ్వేం చెప్పమాక. బాబో పాపో చెప్పమాక. నా అంతట నేనొచ్చి చూసుకుంటా. అయ్యప్ప బాబాయికి కూడా చెప్పా, వైర్‌లెస్‌లో ఎవర్నీ అడగద్దని."

"బావా..."

"ఏంటే గొంతు అట్టా ఉంది? నొప్పా?"

"గ్యాస్," అన్నాను.

"ఓస్, అంతేనా! వాము నీళ్ళు తాగు. వచ్చేస్తన్నాగా."

పెట్టేశాడు. చెప్పమాక అన్నది తనే కదా. నేను చెప్పకపోవడం నా తప్పు కాదు. మావయ్య జెట్టీలోనే చెప్పేస్తాడు, అదే మంచిది.


ఫిబ్రవరి 12, బుధవారం

మావయ్య చెప్పలేదు.

తెల్లారకముందే జెట్టీకి వెళ్ళాడు. మేం కిటికీలోంచి చూస్తున్నాం. ముందు బావ వస్తున్నాడు, భుజాన ఐసు నీళ్ళు కారుతున్న గోనెసంచి. వెనక చాలా దూరంలో మావయ్య, కొడుకు బట్టల మూట మోసుకుంటూ. వీధిలో ఆడవాళ్ళు బావకి దారిచ్చి పక్కకి తప్పుకుంటున్నారు. సిగ్గుపడుతున్నారనుకున్నాడో ఏమో, బావ వాళ్ళని చూసి నవ్వుతున్నాడు.

సంచి గడప లోపల దించాడు. మూతి విప్పి చూపించాడు. చిన్న చిన్న పాలసొరలు, ఐసులో ఇంకా నిగనిగలాడుతున్నాయి.

మా బోట్ల మీద ఒక పద్ధతుంది. బోటులో ఎవరి ఇంట పురుడైనా, ఆ సారి వలలో పడ్డ పాలసొరలు వేలంపాటకి పెట్టరు. బాలింతకి పంపిస్తారు, పాలు పడతాయని. డెలివరీ అయిందని వినగానే బోటు నడిపే అయ్యప్ప బాబాయి వాటి కోసమే ఇంకోసారి వల దింపించాడట. ఒడ్డుకి రావడం అందుకే ఆలస్యమైందట. బావ ఊపిరాడకుండా చెప్తున్నాడు. చెప్తూ చెప్తూ ఆగి గాలి పీల్చాడు.

"మల్లెపూలా? ఏంటే ఈ సోకు!"

తర్వాత మంచం మీద చూశాడు. నా పక్కన. దూలానికేసి చూశాడు, ఉయ్యాల కోసం. "ఏది? లోపల పడుకోబెట్టారా?"

అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. మావయ్య వీధిలోనే, మూట దించకుండా నిలబడ్డాడు. నేను మావయ్య కోసం చూశాను. ఆయన రాలేదు. ఎవరూ రారని అప్పుడర్థమైంది.

"తలుపెయ్యి బావా."

వేశాడు.

"బిడ్డ లేదు. కిందటి మంగళవారమే పోయింది. మావయ్యే తీసుకెళ్ళి పూడ్చాడు. నాకు రక్తం ఆగలేదని గర్భసంచి కూడా తీసేశారు. మనకి ఇంక పుట్టరు బావా. కబురంపిన మాట అబద్ధం కాదు, సగం."

ఊపిరి తియ్యకుండా చెప్పేశాను. బావ నన్నే చూస్తూ నెమ్మదిగా నేల మీద కూర్చుండిపోయాడు. గోనెసంచి నీళ్ళు పారి లుంగీ తడిసిపోతున్నా జరగలేదు. నన్ను తిడతాడనుకున్నాను, నిన్న ఫోన్లో గ్యాస్ అన్నందుకు. గోడకేసి తల కొట్టుకుంటాడనుకున్నాను.

"పాపా, బాబా?" అన్నాడు.

"పాప."

"నువ్వు చూశావా?"

చూడలేదు అని నోటిదాకా వచ్చింది. అందరికీ అదే చెప్పాను. ఈ పుస్తకానికి కూడా అదే చెప్పాను.

"చూశా."

"ఎట్టా ఉంది?"

ఎడమ చెవి పైన కొంచెం మడతపడి ఉందని చెప్పాను. జుట్టు ఒత్తుగా ఉందని, తడికి నుదుటికి అతుక్కుపోయిందని. పచ్చ గుడ్డలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఉంది, వేళ్ళు పొడుగు. మూతి బిగించుకుని ఉంది, బావకి కోపమొచ్చినప్పుడు ఉన్నట్టు. సిస్టర్ నా పక్కనుంచి వెళ్తుంటే నేను చెయ్యి చాచాను, చేతికి సెలైన్ కట్టేసి ఉంది, అందలేదు.

"ముక్కు?" అన్నాడు.

"నాదే."

"రంగు?"

"నీదే బావా."

అప్పుడు ఏడ్చాడు. మంచం కోడు పట్టుకుని, నా కాళ్ళ దగ్గర తల పెట్టి, చిన్నపిల్లాడి కంటే అన్యాయంగా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దిండు అదుముకోవడం కూడా మర్చిపోయాను. ఇన్ని రోజులూ అందరూ నన్ను ఒకటే అడిగారు. నా కూతురు ఎలా ఉందని అడిగినవాడు ఈయనొక్కడే.


ఫిబ్రవరి 13, గురువారం

పొద్దున వంటింట్లో గుసగుసలు. సొరల్ని ఏం చెయ్యాలా అని. బాలింత కోసం తీసినవి అమ్మకూడదు, పారెయ్యకూడదు. వెనక వీధిలో శ్రీను పెళ్ళాం పురిటి మంచం మీద ఉంది, వాళ్ళకి ఇచ్చేద్దామని అమ్మ అంటోంది.

"ఇచ్చేయండత్తా," అన్నాడు బావ.

"ఎవరికీ ఇవ్వద్దు," అన్నాను మంచం మీద నుంచి. "అవి నావి."

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "పిచ్చిదానా, అది తింటే పాలు పడతాయే! ఇప్పుడిప్పుడే ఇంకుతున్నాయి. మళ్ళీ మొదటికొస్తది."

"రానీ."

"వచ్చి ఏం చేసుకుంటావే?"

"బోటు వాళ్ళు బాలింతకి పంపారమ్మా. నేను కన్నాను. నాకు కూతురు పుట్టింది. నేను బాలింతని కాకపోతే ఇంకెవరు?"

అరిచాను. కుట్లు లాగాయి. అమ్మ నిలబడి, నిలబడి, కత్తిపీట తీసి బావ ముందు పెట్టింది. తను మాత్రం ముట్టుకోలేక పెరట్లోకి వెళ్ళిపోయింది.

బావే వండాడు. సముద్రం మీద వంట ఎటూ మగవాళ్ళదే. పసుపు నీళ్ళల్లో ఉడికించి, తోలు తీసి, ముల్లు లేకుండా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా పుట్టు చేశాడు. కుట్లున్నాయని కారం తగ్గించాడు. కంచంలో వేడన్నంతో కలిపి తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మొదటి ముద్ద తనే పెట్టాడు. వారం తర్వాత నోటికి రుచి తెలిసింది. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను, కళ్ళు తుడుచుకోకుండా. బావ కూడా ఆపమనలేదు.

తిన్నాక గుండెల మీద గుడ్డ విప్పి, వాడిపోయిన మల్లెపూలు తీసి పక్కన పెట్టాను. మళ్ళీ కట్టుకోలేదు.

పొద్దు వాలేసరికి నొప్పి మొదలైంది. కాసేపటికి జాకెట్టు రెండు వైపులా తడిసింది. బావ చూసి కంగారుగా తువ్వాలు తెచ్చాడు.

"తుడవనా?"

వద్దన్నాను. అది పాపది, కాసేపు ఉండనీ అన్నాను. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.